కోడి బతికింది

“ఊదండి, కెప్టెన్ గారూ,” అంది నిల్సా రియాస్కోస్.

కెప్టెన్ ఓస్పినా ఆమె చాచిన ఊదుగొట్టం వంక చూసి, తర్వాత ఆమె మొహం వంక చూశాడు. మనిషికంటే పొడుగున్న ఆ నల్లకర్ర గొట్టం చివర పోలీసు చీటీ వేలాడుతోంది. దీంతోనే విషబాణం ఊది, కప్పల కేంద్రంలో పనిచేసే తులియోని చంపాడని చెప్పి నిన్న బెలిసారియో చిరిమియా ఇంట్లోంచి దాన్ని స్వయంగా పట్టుకొచ్చింది ఆయనే.

“వేళాకోళంగా ఉందా?”

“లేదండీ. మీరు రాసింది రాసినట్టే జరిగి ఉంటే ఇందులోంచి గాలి పోవాలి. అది చూద్దామని.”

ఠాణా గోడవార బల్ల మీద, రెండు చేతులకీ కలిపి బేడీలు వేయించుకుని కూర్చున్న చిరిమియా గొంతు సవరించుకున్నాడు. “మూతి పెట్టే ముందు తుడుచుకో దొరా. మా ఆవిడ దాని మీద పిల్లదాని గుడ్డలారేస్తుంది.”

“నోర్ముయ్!”

ఆ కోపంలోనే ఓస్పినా గొట్టం లాక్కుని ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి. చెవులు ఎర్రబడ్డాయి. అవతలి చివర నిల్సా పట్టుకున్న దూదిపింజ కదల్లేదు. ఇంకోసారి ఊదాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని దూది అలాగే ఉంది.

నిల్సా గొట్టం తీసుకుని, పొడుగాటి కొబ్బరి ఈనెతో లోపల పొడిచింది. ఎండిన మట్టి పెళ్ళలు బల్ల మీద రాలాయి. వాటితోపాటు రెండు ఎండు సాలీళ్ళు.

“కుమ్మరిపురుగు గూడు. కట్టి నెలలై ఉంటుంది. ఇందులోంచి బాణం కాదు గదా, ఆవలింత కూడా పోదు.”

“ఇంకో గొట్టం ఉండుంటుంది,” అన్నాడు ఓస్పినా మూతి తుడుచుకుంటూ. కొండల మీది పట్నం నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. ఈ తీరం ఉక్క ఆయనకి పడదు, ఈ తీరం మనుషులు అంతకంటే పడరు. “మెడలో బాణం ఉంది. వీడి ఇంటికింద ఆరు పసుపుపచ్చ కప్పలు దొరికాయి. వారం కిందట వీడు కేంద్రం కంచె దగ్గర నిలబడి తులియోని నరుకుతానని అరిచాడు. నాకు చాలు. పోటు ఎక్కగానే లాంచి కదులుతుంది. వీడు అందులో ఉంటాడు.”

లాంచి వెళ్ళేది రేవుపట్నం జైలుకి. అక్కడ వార్డరుగా చేసేది తులియో అన్న. తమ్ముణ్ణి చంపినవాడు తన చేతికే వస్తున్నాడని తెలిసి, ఉన్న సెలవు వదులుకుని మరీ ఈ రాత్రి కాపలా అడిగి వేయించుకున్నాడని నిల్సా పొద్దున బయల్దేరేటప్పుడే విన్నది. చిరిమియాకి కూడా ఎవరో చెప్పే ఉంటారు. అతని వేళాకోళాలన్నీ గొంతు పైపైన ఉన్నాయి. చూపు మాత్రం కిటికీలోంచి ఎక్కుతున్న నీళ్ళ మీదే ఉంది.

ప్రాసిక్యూటర్ ఆఫీసు నుంచి వచ్చిన దర్యాప్తు అధికారిగా ఆమె ఖైదీని ఆపవచ్చు. అందుకు కారణం చూపాలి. మట్టిగూడు కారణం కింద నిలవదని ఆమెకీ తెలుసు.

బల్ల మీద గాజుసీసాలో ఉన్న బాణాన్ని వెలుతురు వైపు తిప్పి చూసింది. సన్నటి తాటిపుల్ల, మొదట్లో ఎర్రదారం చుట్టు.

“చిరిమియా, ఇది మీవాళ్ళు చేసిందేనా?”

“ఇదా? రేవులో పర్యాటకులకి అమ్మే బొమ్మ అక్కా. ఎర్రదారం చూడు, పెళ్ళికి పోతున్నట్టు! మా తాత బాణానికి ములుకు కింద చుట్టూ గాటుండేది. కోతి బాణం పీక్కున్నా ములుకు ఒంట్లో విరిగి ఉండిపోవాలని. గాటు లేని బాణానికి విషం పూసేది ఎవడు?”

“మరి విషం పూసేటప్పుడు కప్పని ఇంటికి తెచ్చేవాళ్ళా?”

“పిచ్చా? బాణమే కప్ప దగ్గరికి పోతుంది. ఆకుకాడతో నొక్కిపెట్టి, వీపు మీద ములుకు రాసి, దాని దారిన దాన్ని వదిలేస్తాం. నా మాట కాదు, ముసలాళ్ళ మాట. నాకు తుపాకీ ఉంది.”

“అది కూడా రాసుకోండి కెప్టెన్ గారూ. శవాన్ని నేనూ చూశాను. బాణం దిగినచోట రక్తపు బొట్టు లేదు. బతికున్న మెడలో పుల్ల గుచ్చితే చుక్కైనా వస్తుంది.”

“ఇన్‌స్పెక్టరమ్మా,” అన్నాడు ఓస్పినా ఓపిగ్గా, “మీ అమ్మ ఈ నది మొగలో రొయ్యలు అమ్మేదట గదా. మీవాళ్ళ మీద మీకు ప్రేమ ఉండటంలో తప్పులేదు. కేసులు మాత్రం ప్రేమతో తేలవు.”

“రొయ్యలమ్మిన ఇంట్లో ఒకటి నేర్పుతారండీ. పైకి నిగనిగలాడుతున్న బుట్టని అడుగు దాకా తిరగేసి చూడమంటారు.”

పక్కగదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. వాంగ్మూలం ఇవ్వడానికి వచ్చిన కేంద్రం డైరెక్టర్ డాక్టర్ ఉర్దనేతా అక్కడే ఎదురుచూస్తోంది.

* * *

ఉర్దనేతాకి నలభై దాటి ఉంటాయి. బురద దారిలో వచ్చినా రబ్బరు బూట్లు కడిగినట్టున్నాయి. గోళ్ళు పొట్టిగా, శుభ్రంగా కత్తిరించుకుంది. అడిగిన దానికి అడిగినంత వరకే జవాబు చెప్పింది.

“చివరగా తులియోని ఎప్పుడు చూశారు?”

“మొన్న సాయంత్రం. కప్పలకి మేత పెట్టి వరండాలో ఉయ్యాలలో పడుకున్నాడు. అలిసిపోయి నిద్రపోయాడనుకున్నా. తెల్లారాక కాఫీ తీసుకెళ్తే మెడలో బాణం.”

“మేత పెట్టేటప్పుడు చేతికి తొడుగులు వేసుకునేవాడా?”

ఆమె మొదటిసారి నవ్వింది. “మా దగ్గర ఎవరం వేసుకోం. మా కప్పలకి విషం లేదు.”

“బంగారు కప్పకి విషం లేదా?” అన్నాడు ఓస్పినా తలుపు దగ్గర నుంచి.

“అడవి కప్పకి ఉంటుంది, కెప్టెన్. అది అక్కడ తినే చీమల్లోంచీ, చిన్న చిన్న పురుగుల్లోంచీ వస్తుంది ఆ విషం. తడి ఆకుల కింద, వాగు ఒడ్డున ఏమేం దొరుకుతాయో అవన్నీ తిని ఒంట్లో దాచుకుంటుంది. మా కప్పలు గాజుపెట్టెలో పుట్టాయి. మేం పెంచిన ఈగలు తప్ప ఇంకేం ఎరగవు. తులియో వాటిని నిమ్మకాయల్లా చేత్తో తీసి పక్కన పెట్టి పెట్టెలు కడిగేవాడు.”

“అడవిలోది పట్టి తెచ్చి, మీ ఈగలే పెట్టి పెంచితే విషం పోతుందా?” అడిగింది నిల్సా.

“ఏళ్ళు గడిచినా పూర్తిగా పోదు.” అని ఆగి, “అందుకే అడవివి మేం ముట్టుకోం. చట్టం కూడా ఒప్పుకోదు. బయటి దేశాలకి మేం పంపేవన్నీ మా దగ్గర పుట్టినవే. వాటికి ప్రభుత్వం ముద్ర ఉంది.”

“చిరిమియా తులియోతో దేనికి గొడవపడ్డాడు?”

“తాగి వచ్చాడు. వాగు మూగబోయిందనీ, కప్పల్ని ఏం చేశారనీ అరిచాడు.”

చెక్క గోడ అవతల నుంచి చిరిమియా గొంతు వినిపించింది. “తాగే వచ్చాను! తాగితే చెవులు పనిచెయ్యవా? మా అమ్మ ఆ వాగు పక్కన నన్ను కన్నది. పొద్దున వాన వెలిసిందంటే కప్పల కూత చెవుల్లో దూరేది. ఇప్పుడు నీళ్ళ చప్పుడు తప్ప ఏముందక్కడ? ఒట్టేసి చెప్పాడు తులియో, మేం తియ్యలేదు మామా అని. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడు, వెధవ.”

డాక్టర్ గోడ వైపు తల తిప్పలేదు. లేచి సంచీ భుజాన వేసుకుంది. “తులియో లేడు. మధ్యాహ్నం మేత నేనే పెట్టుకోవాలి. వెళ్ళొచ్చా?”

“వెళ్ళండి,” అన్నాడు ఓస్పినా.

డాక్టర్ మర పడవ వాగు మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా నిల్సా రేవులో నిలబడి చూసింది. నీళ్ళు మెట్లలో సగానికి ఎక్కాయి. తన దోనె విప్పి చిరిమియా ఇంటివైపు తెడ్డేసింది.

* * *

చిరిమియా భార్య ఎర్మెలిందా మెట్టు దింపలేదు. గాటు పెట్టిన దుంగ నిచ్చెనని పైకి లాగేసి, చంకలో పిల్లతో గుంజల పైనున్న ఇంటి అంచున నిలబడింది.

“మళ్ళీ ఎవరు? నిన్న వచ్చినవాళ్ళు పిండిజల్లెడ కూడా తిరగేసి పోయారు. నువ్వేం తిరగేస్తావు?”

“ఇల్లెక్కను వదినా. ఇంటికింద చూసి పోతా.”

“చూసుకో. నీ మొగుడు పోలీసా?”

“నేనే పోలీసుని.”

“ఆఁ, ఇంకా మంచిది,” అని ఉమ్మింది ఎర్మెలిందా. నిల్సా పక్కకి తప్పుకుంది.

నేల తడిగా, పాదాల అచ్చులతో కలగాపులగంగా ఉంది. పొయ్యి ఉన్న మూల కింద, గుంజకి ఒక తాడు ముక్క వేలాడుతోంది. కప్పలున్న బుట్ట కట్టి ఉన్నది అక్కడే. పోలీసులు కప్పల్ని కర్రలతో నెట్టి డబ్బాలోకి మార్చి, బుట్టనీ, అందులోని తడినాచునీ అక్కడే పారబోసి పోయారు.

“ఈ బుట్ట నీదేనా?”

“నా కళ్ళు పోయాయా? అంచు చూడు. వదులు అల్లిక. నీళ్ళు పోస్తే నిలవవు. రేవులో దుకాణాలవాళ్ళకి అమ్మేందుకు అల్లేది. నా ఇంట్లో నేనల్లని బుట్ట ఉంటే మా అత్త సమాధిలోంచి లేచొచ్చి తిడుతుంది. ఇదిగో, పాకే పిల్ల ఉంది నాకు. దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. ఆ కప్పని ఇంటి చుట్టుపక్కలకి తెచ్చినవాణ్ణి నేను తిన్నగా పోనిస్తానా?”

నిల్సా వినడం మానేసింది. ఆమె చూపు నాచు మీద ఆగింది.

అయిదు కోళ్ళు దాని చుట్టూ చేరాయి. నాచుని కాళ్ళతో చెదరగొడుతూ, ముక్కుతో కుళ్ళగిస్తూ, అందులోని పురుగుల కోసం ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఒకటి నాచు పీచుని గొంతులోకి లాగేసుకుని తల పైకెత్తి మింగింది.

“వదినా, ఇవి నిన్నటి నుంచీ ఇక్కడే తింటున్నాయా?”

“కోళ్ళకి వేరే వడ్డిస్తారా ఎక్కడైనా? మీవాళ్ళు పారబోసి మెట్టు దిగకముందే చేరాయి.”

“ఒక్కటైనా చచ్చిందా?”

ఎర్మెలిందా పిల్లని ఒక చంక నుంచి ఇంకో చంకకి మార్చుకుని, వంగి కోళ్ళ వంక చూసింది. ఈ నది మీద పెరిగిన ఆడదానికి ఆ ప్రశ్న అర్థం విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ కప్ప కూర్చుని వెళ్ళిన ఆకుని పొడిచిన కోడి మళ్ళీ తలెత్తదు.

నిచ్చెన దించింది.

“ఒక కోడి అరువియ్యి వదినా.”

“ఎర్రది గుడ్లు పెడుతోంది, ముట్టుకోకు. మచ్చలది పొదగాలి. ఆ నల్లది తీసుకో, పుంజు కూడా దాని మొహం చూడదు. చస్తే?”

“చావదు.”

“చస్తే ఆ కెప్టెన్‌కి వండిపెడతా,” అంది ఎర్మెలిందా, పిల్లని వీపున కట్టుకుని దోనె ఎక్కుతూ.

* * *

ఓస్పినా వరండాలో కూర్చుని కొబ్బరి అన్నం, వేయించిన చేప తింటున్నాడు. నీళ్ళు పై మెట్టుకి ఇంకా రెండు మెట్ల కింద ఉన్నాయి. నల్లకోడిని చంకన పెట్టుకుని వస్తున్న నిల్సాని చూసి చేతిలో ముద్ద ఆపాడు.

“సాక్షిని తెచ్చారా?”

“అవునండీ. అబద్ధమాడటం రాని సాక్షి. ఆ డబ్బా తెప్పించండి. ఖైదీని కూడా బయటికి తీసుకురండి.”

పోలీసు ఒకతను తోలు తొడుగులు వేసుకుని, మూతకి చిల్లులు పొడిచిన బిస్కెట్ డబ్బాని చేతులు చాపి దూరంగా పట్టుకుని తెచ్చాడు. నిల్సా వెదురుబద్దతో మూత లేపింది. అడుగున ఆరు కప్పలు, ఒక్కోటీ బొటనవేలంత. పసుపు ముద్దలో ముంచి తీసినట్టున్నాయి, నల్లటి కళ్ళు తప్ప వేరే రంగు లేదు. మనుషుల్ని చూసి బెదరలేదు.

నానబెట్టిన మొక్కజొన్న గింజలు నాలుగు, చీల్చిన పుల్ల చివర ఇరికించి ఒక్కో కప్ప వీపు మీదా మెత్తగా రాసింది. గింజల్ని అరటాకు మీద పెట్టి కోడిని వదిలింది.

“ఇవి అడవి కప్పలైతే, ఇది ఇప్పుడే చస్తుంది. ఇక్కడున్నవాళ్ళలో ఎవర్నైనా అడగండి.”

రేవులో చేరిన పదిమందీ వెనక్కి జరిగారు. ఒకావిడ శిలువ గుర్తు వేసుకుంది. కోడి ఆకు చుట్టూ ఒకసారి తిరిగి, మొదటి గింజ పొడిచింది. రెండోది. మిగతా రెండూ ఒకేసారి మింగి ముక్కు నేలకి రాసుకుంది.

చిరిమియా బేడీల మీద వేళ్ళు బిగించాడు. ఓస్పినా పళ్ళెం పక్కన పెట్టి లేచి వచ్చాడు.

ఎసట్లో బియ్యం పొంగు వచ్చేంత సేపు గడిచింది. ఉన్నట్టుండి కోడి కాళ్ళు ముడుచుకుని కూలబడింది. మెడ కిందికి వాలింది. కళ్ళ మీద తెల్లటి పొర కమ్మింది.

“అయిపోయింది,” అన్నాడు ఓస్పినా మెల్లగా. “ఇన్‌స్పెక్టరమ్మా, నా కేసు మీరే గెలిపించారు.”

నిల్సా చిరిమియా వైపు చూడలేకపోయింది.

ఎర్మెలిందా ముందుకు వచ్చి కోడిని కాలితో నెట్టింది. “లెయ్, సోమరిముండా! మధ్యాహ్నమైతే చాలు ఎక్కడుంటే అక్కడ నిద్ర.”

కోడి కసురుకుంటూ లేచింది. రెక్కలు దులిపి, వరండా మెట్లెక్కి, నేరుగా కెప్టెన్ పళ్ళెంలో ముక్కు పెట్టింది.

రేవు గొల్లుమంది. చిరిమియా నవ్వబోయి నవ్వలేక, బేడీ చేతుల్లో మొహం దాచుకున్నాడు.

ఓస్పినా నవ్వలేదు. కోపం కూడా తెచ్చుకోలేదు. ఆయనకి తీరం గురించి తెలియదు గాని, బుర్ర చురుకైనది. డబ్బాలోకి తొంగి చూశాడు. తర్వాత తొడుగు లేకుండా చెయ్యి పెట్టి ఒక కప్పని పైకి తీశాడు. జనం కెవ్వుమన్నారు. అరచేతిలో పెట్టుకుని చూసి, తిరిగి లోపల వదిలాడు.

“అయితే ఇవి కేంద్రంలో పుట్టినవి. వేరేచోట ఇలాంటివి ఉండవు. వీడి ఇంటికింద కట్టింది కేంద్రం మనిషి. అవునా?”

“అవునండీ,” అంది నిల్సా. “నిందని ఇతని మీదకి తొయ్యడానికి.”

“ఆ డాక్టరమ్మ పెట్టెలన్నీ ఇప్పుడే తెరిపిస్తా. ఒక్కో పెట్టెలో ఎన్ని ఉండాలో, ఎన్ని తగ్గాయో నా చేతులతో తీసి చూస్తే గాని నమ్మను. ఆరు తగ్గాయంటే ఆమె దగ్గర జవాబుండాలి.”

“నేనూ వస్తా.”

“ఖైదీని చూసుకోండి. ఇది పోలీసు లాంచి, నా కేసు.” మెట్లు దిగుతూ నడుముకున్న తాళంచెవుల గుత్తి తట్టాడు. “నేనొచ్చేదాకా బేడీలు ఉండనివ్వండి. నేను కాగితం వెనక్కి తీసుకుంటేనే వీడు ఇంటికి పోయేది. అప్పటిదాకా వీడు హంతకుడే.”

లాంచి ఇంజను గట్టిగా అరిచి, వాగు వైపు తిరిగింది.

* * *

ఎర్మెలిందా మొగుడి నోట్లో అన్నం ముద్ద పెట్టింది. పిల్ల అతని బేడీలు పట్టుకుని లాగుతోంది. నిల్సా మెట్టు మీద కూర్చుంది. పొద్దుట్నుంచీ నిలబడిన కాళ్ళ నొప్పి ఇప్పుడు తెలుస్తోంది. గెలిచినట్టే. ఎందుకో గెలిచినట్టు లేదు.

“అక్కా, ఒకటడుగుతా,” అన్నాడు చిరిమియా నములుతూ. “బాణం బొమ్మ బాణమని నేనే చెప్పాను. కప్పలకి విషం లేదని కోడి చెప్పింది. మరి తులియో దేంతో చచ్చాడు?”

నిల్సా చూపు తన చేతుల మీదకి పోయింది.

శవం చేతులు గుర్తుకొచ్చాయి. రోజంతా అంట్లు తోమే ఆడదాని చేతుల్లా, నీళ్ళలో నాని నాని వేళ్ళ సందులు పగిలి, పచ్చిగా ఉన్న చేతులు. ఆ చేతులతోనే రోజూ కప్పల్ని నిమ్మకాయల్లా తీసి పక్కన పెట్టేవాడు. ఇక్కడే పుట్టినవని నమ్మి. మేం తియ్యలేదు మామా అని ఒట్టేసి ఏడ్చినవాడు. అతనికి తెలియదు.

“మీ వాగులో కప్పలు ఎక్కడికీ పోలేదు చిరిమియా,” అంది. “ఆ గాజుపెట్టెల్లోనే ఉన్నాయి. పుట్టినవి చాలక అడవివి పట్టి తెచ్చి, ఇక్కడే పుట్టాయని ముద్ర వేయించి పంపుతోందామె. తులియోకి చెప్పలేదు. చెప్పకుండా మేత పెట్టించింది.”

“మరి మా ఇంటికింద విషం లేనివి ఎందుకు కట్టింది?” అంది ఎర్మెలిందా.

“ముట్టుకోవడానికి ఆమెకి ధైర్యం చాలింది వాటినే. అందుకే కేంద్రంలో నిజంగా పుట్టినవాటిలో మిగిలిన ఆరింటినీ తెచ్చి మీ ఇంటికింద కట్టింది. పెట్టెల్లో ఉన్నవి ఇప్పుడు…”

మాట పూర్తి చెయ్యకుండానే లేచి లోపలికి పరుగెత్తింది. రేడియో ముందు కూర్చున్న పోలీసుని పక్కకి తోసింది. లాంచిలో రేడియో ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ పిలిచింది. చివరికి కేంద్రం చానెల్‌కి తిప్పింది. గరగర మధ్యలోంచి నెమ్మదైన గొంతు వచ్చింది.

“కేంద్రం. డాక్టర్ ఉర్దనేతా.”

“నిల్సా రియాస్కోస్‌ని. కెప్టెన్ వచ్చారా?”

“ఇప్పుడే. గాజుగదిలోకి వెళ్ళారు.”

“ఆయన్ని ఏదీ ముట్టుకోవద్దనండి. వెంటనే రేడియో దగ్గరికి పిలవండి.”

“తొడుగులు ఇవ్వమంటారా అని అడిగాను,” అంది ఉర్దనేతా. “అక్కర్లేదన్నారు. కోడి బతికిందట గదా. మీరే చూపించారట.”

“డాక్టర్, ఆయన్ని పిలవండి!”

“ఇప్పుడు రాలేరు ఇన్‌స్పెక్టర్. ఆయన చేతులు ఖాళీగా లేవు.”

గరగర కూడా ఆగిపోయింది. నిల్సా మీట ఎన్నిసార్లు నొక్కినా అవతల ఎవరూ లేరు.

వరండాలోకి వచ్చేసరికి చిరిమియా లేచి నిలబడి ఉన్నాడు. చెక్క గోడ గుండా అంతా విన్నట్టుంది. ఆ కాగితం వెనక్కి తీసుకోగలిగిన ఒకే ఒక్క మనిషి అక్కడ, ఆ గదిలో ఉన్నాడు. ఆయన పోతే కప్ప విషంతో చచ్చినవాళ్ళు ఇద్దరవుతారు. ఆ రెండో చావు కూడా ఎవరి పేరన రాస్తారో చెప్పుకోవడానికి కెప్టెన్ అక్కర్లేదు.

“నన్ను పట్టుకున్నప్పుడు లాక్కొచ్చిన నా దోనె ఈ రేవులోనే ఉంది, దానికి మోటారుంది,” అన్నాడు చిరిమియా. “లాంచి పోయిన దారిన కాదు, మడచెట్ల మధ్య అడ్డదారిన పోతే సగం దూరం. పోటు నిండుగా ఉన్నప్పుడే ఆ దారి తెరుచుకుంటుంది.”

“ఖైదీ కదలకూడదు. కెప్టెన్ ఆర్డరు,” అన్నాడు పోలీసు గుమ్మానికి అడ్డం వచ్చి.

“నీ కెప్టెన్ మళ్ళీ ఆర్డరివ్వాలంటే పక్కకి జరుగు,” అంది నిల్సా.

అతను జరిగాడు.

నీళ్ళు పై మెట్టుని ముంచేశాయి. ఎర్మెలిందా కట్టుతాడు విప్పింది. చిరిమియా దోనె వెనక కూలబడి, కలిపి బిగించిన రెండు చేతులతో మోటారు తాడు అందుకున్నాడు. మొదటి లాగుకి అది దగ్గింది. రెండో లాగుకి ఆగిపోయింది.

“లాగు!” అని అరిచింది నిల్సా.

బేడీలు మణికట్టు చర్మాన్ని కోసేలా, ఒంటి బరువంతా వెనక్కి వేసి లాగాడు.